షట్టరు మీది జాబితా

కాజీపేట రైల్వే కోర్టు గేటు ముంగట
నాది పంచర్ల దుకాణం.
లారీ టైర్లకు పైసలు దీసుకుంట,
బాస్కెట్‌బాల్‌కు గాలి ఉత్తగనే కొడ్త.
బదులుగ, ఆడెటోళ్లు నా మాటలు వినాలె.

నేను ఎన్నడు ఆడలే.
ఎడమకాలును చిన్నప్పుడే జ్వరం తిన్నది.
కని ఇరువై రెండేండ్ల సంది చూస్తున్న.
చూసుడు గూడ ఒక పనే,
సక్కగ చేస్తె ఒళ్లు నొస్తది.

ఈ యేడు ఎవలు ఎక్కొస్తరో
షట్టరు మీద సుద్దతోని రాసిన, పది మంది.
తిండికి దించినప్పుడు అందరు చదువుతరు.
లేపంగ దించంగ సుద్ద రాలుతది,
మళ్ల దిద్దుత.

ఒకటో నంబరు యాకూబు.
ఎగిరిండంటె బోర్డు మీది కాకి లేస్తది.
కోచ్ సారు కొలిచిండు, ఆరడుగుల నాలుగు ఇంచులని.
నేను కొలువలే, బూట్ల అరుగుడు చూసిన.
మడిమె కొత్తగనే ఉన్నది, మునివేళ్ల కాడ అరిగింది.
టైరైనా మనిషైనా
అరిగిన తావే నిజం జెప్తది.
కని పాసియ్యడు. వాని చేతిల పడ్డ బంతి
పాత బాకీ లెక్క, తిరిగి రాదు.

మూడో నంబరు కొంరెల్లి, ధర్మసాగర్ పోరడు.
పొడుగున్నడు గని ఎముకలల్ల ఇంకా నిద్రున్నది.
రెండేండ్లు ఆగున్రి అంటె ఎవలాగుతరు?
వాళ్ల నాయినకు రైల్వే కోటల నౌకరి గావాలె,
ఈ ఎండకాలమే గావాలె.

రెండో నంబరు గురించి అడగకున్రి.
మొన్న క్రికెట్‌కు పోయిండు. తుడిచిన.
ఆ జాగ ఖాళీగనే ఉంచిన,
చూసి సిగ్గువడనీ అని.

క్రికెట్ మీద నాకు పగ లేదు.
కని పదకొండుగురిల తొమ్మిది మంది
పెండ్లిల చుట్టాల లెక్క నిలబడే ఆటను
దేశమంత పని బందువెట్టి చూసుడేంది?
కబడ్డి మంచిదే, ఊపిరున్నోని ఆట,
టీవీల కొచ్చినంక లైట్లెక్కువై కూత వినబడ్తలేదు.
వాలీబాల్ చూడాల్నంటె మామునూరు పోవాలె,
బెటాలియనోళ్లు కొడితె బంతి సుత సెల్యూట్ జేస్తది.
క్యారంసు ఆట గాదన్న నాడు
మా బావమర్ది సారంగం అన్నం కాడికెళ్లి లేచిండు.
ఇప్పటికీ మాట్లాడ్తలేడు.
నేనూ మాట మార్చలే.

తొమ్మిదో నంబరు స్టెల్లా.
ఫాతిమానగర్ ఇన్నయ్య బిడ్డ, ఐదడుగుల రెండు.
ఎందుకు రాసిన్నో నాకే తెల్వదు, పది నిండాలె గద.

ఒక వానవడ్డ సాయంత్రం
కోర్టు నాచు పట్టి జారుతుంటె
అందరు గోడకు నిలవడి సెల్లులు చూస్తున్నరు.
ఆ పిల్ల ఒక్కతే, ఎడమ చేతితోని,
చాపంత పొడి జాగ మీద
టప్పు టప్పు, నూరు, నూటపది...
చూసుకుంట చూసుకుంట
ఎవలిదో సైకిల్ ట్యూబుల గాలెక్కువ కొట్టిన.
పగిలింది. పైసలు నేనే కట్టిన.

తెల్లారి బంతి తెచ్చింది. కొట్టిచ్చిన.
ఒక్కపాలి నేలకు కొట్టి, చెవి వెట్టి విని,
"ఎక్కువైంది కాకా, జర తియ్" అన్నది.
ఇరువై రెండేండ్లల్ల
నా గాలికి ఎవలు వంక వెట్టలే.
తీసిన.
అది జెప్పిందే కరెక్టు.

మాపటీలి షట్టరు దించితె వచ్చి చదివింది,
మీదికెళ్లి కిందిదాక. నవ్వలే, అలగలే.
సుద్దముక్క అడిగింది.
ఖాళీగున్న రెండో జాగల రాసుకుంటదనుకున్న.
నేను "స్టేల" అని రాసిన తావుల
ఏత్వాన్ని కురచ జేసి, లకు ఒత్తు వెట్టి,
చివర దీర్ఘం దీసి,
తొమ్మిదిని తొమ్మిది లెక్కనే ఉంచి
చేతులు దులుపుకొని పోయింది.

ఆయితారం హన్మకొండ స్టేడియంల సెలక్షన్లు.
సార్లు టేపు వట్టుకొని కూసుంటరు,
నెత్తి కాడికెళ్లి కొలుస్తరు.
అరికాళ్ల కాడికెళ్లి కొలువున్రి అని జెప్పొస్త.
వినరు. ఎన్నడు విన్నరు గనుక?

దుకాణం బందువెట్టే పోతున్న.
రెండో నంబరేది రా అని
ఎవలన్న షట్టరు ముంగట నిలవడి తిడితె
తిట్టనీయున్రి.
సుద్దముక్క నా జేబులనే ఉన్నది.